ఏ ఊరు? ఎవరి పిల్ల? ఎప్పుడు?

 

ఈరోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు నేనొక తప్పు ఒప్పుకోవాలె. 2018 ఎండకాలంలో నేనొక మెసేజ్ ఫార్వర్డ్ చేసిన. అదొక వాయిస్ మెసేజ్. ఎవరో ఆడమనిషి గొంతు, భయం భయంగ మాట్లాడుతున్నది. పిల్లలను ఎత్తుకపోయే గ్యాంగ్ మన జిల్లాలకు దిగిందట, పగలు బిచ్చగాళ్ల లెక్క తిరిగి రాత్రి ఇండ్ల మీద పడుతున్నరట, జాగ్రత్త అని. దాని కింద ఒక వీడియో. అది సగం కూడా చూడలేకపోయిన.

అప్పుడు నేను హైదరాబాద్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న. మా ఊరు వనపర్తి జిల్లాలో ఉంటది. ఊరి పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తది. మా మేనత్తకు ఇద్దరు చిన్న పిల్లలు. పాపం, జాగ్రత్త పడతదని ఆమెకు పంపిన. రెండు సెకన్ల పని. పంపినంక పోయి అన్నం తిన్న.

నాలుగు రోజులైనంక మా చిన్నాయన కొడుకు ఒక ఫోటో పంపిండు. మా ఊరి వేపచెట్టుకు ఒక మనిషిని కట్టేసి ఉన్నరు. చినిగిన అంగీ, పెరిగిన గడ్డం, పెదవి పగిలి రక్తం. చుట్టూ మనోళ్లే. అందులో సగం మందిని నేను మామ, బాబాయ్, అన్న అని పిలుస్త. ఆ మనిషికి మన భాష రాదు, మతి కూడా సక్కగ లేదు. బడి దగ్గర కూసున్నడు, అంతే ఆయన చేసిన నేరం. ఊళ్లో ఎవరో పోలీసులకు ఫోన్ చేసిన్రు కాబట్టి కానిస్టేబుల్ వచ్చి విడిపించిండు. లేకపోతే ఏమయ్యేదో నాకు ఆలోచించబుద్ధి కాదు.

రాత్రి అత్తకు ఫోన్ చేసి, "ఏందత్తా ఇది, గిట్ల ఎట్ల కొట్టిన్రు?" అని అడిగిన. అత్త ఒక్కటే మాట అన్నది. "నువ్వు పంపితేనే గదరా నమ్మింది. మా అల్లుడు హైదరాబాద్‌ల చదువుతుండు, ఉత్తగ పంపుతడా అని వాడకట్టంతా వినిపిచ్చిన."

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నది. ఆ మెసేజ్‌కు మా వాడకట్టులో బలం వచ్చింది నా వల్లనే. అందుకే ఈరోజు దీని గురించి మాట్లాడుతున్న.

అప్పుడు అసలు ఏం జరిగిందో ముందు చెప్త. మీలో కొంతమంది అప్పుడు ఆరో తరగతో ఏడో తరగతో ఉండి ఉంటరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇవన్నీ 2016 అక్టోబర్ 11 దాకా పాత మహబూబ్‌నగర్ జిల్లానే. పేర్లు మారినయి గానీ చుట్టరికాలు మారలే. గద్వాల పిల్లను నాగర్‌కర్నూల్‌కు ఇస్తరు, వనపర్తి మనిషి గద్వాల సంతకు పోతడు. కాబట్టి ఒక ఊళ్లో పుట్టిన పుకారు మూడు జిల్లాలు తిరగడానికి బస్సు కూడా అవసరం లేదు. ఫోన్ చాలు.

2018 మార్చిలో రెమా రాజేశ్వరి గారు జోగులాంబ గద్వాల జిల్లాకు ఎస్పీగా వచ్చిన్రు. వనపర్తి బాధ్యత కూడా ఆమె మీదే ఉండె. ఆమె ప్రతి ఊరికి ఒక పోలీసును కేటాయించిన్రు. ఊళ్లకు పోవాలె, అరుగుల మీద కూసోవాలె, జనంతోని మాట్లాడాలె. అట్ల పోయినోళ్లకు ఒక విషయం కనిపించింది. మన దిక్కు ఎండకాలం ఎట్లుంటదో తెలుసు గద, రాత్రి ఇంట్లో పండుకుంటే ఉడికిపోతం. మంచం వాకిట్లో వెయ్యాల్సిందే. అట్లాంటిది జనం పొద్దుగూకంగనే లోపలికి పోయి తలుపులు పెట్టుకుంటున్నరు. వాకిట్లో మంచాలు లేవు. ఎందుకని అడిగితే ఫోన్లు తీసి చూపించిన్రు. పిల్లలను ఎత్తుకపోతున్న వీడియోలు, మనుషులను కోసి అవయవాలు తీస్తున్నట్టు ఉన్న వీడియోలు. పార్ధీ గ్యాంగ్ అని ఒకరు, బీహార్ గ్యాంగ్ అని ఇంకొకరు.

అక్కడ ఆమె ముందు చేసింది నాకు బాగ నచ్చుతది. ఇవన్నీ ఉత్త మాటలు, పనిలేని మూర్ఖుల భయం అని తీసిపారెయ్యలే. నిజమే గావచ్చని లాఠీలు పట్టుకొని కొత్తోళ్ల మీద కూడా పడలే. సరి చూసిన్రు. ఏ ఊళ్లో పిల్ల పోయింది? ఏ స్టేషన్‌లో ఫిర్యాదు ఉన్నది? ఆ వీడియోలో ఉన్నది ఎక్కడిది? అడుగుకుంట పోతే చివరికి మిగిలింది ఏమీ లేదు. పోయిన పిల్లే లేదు.

అప్పుడు పనిలోకి దిగిన్రు. 500 మందికి పైగా పోలీసులకు శిక్షణ ఇచ్చి, సుమారు 400 ఊళ్లలో ఇంటింటికి పంపిన్రు. సర్పంచులతోని వాట్సాప్ గ్రూపులు పెట్టిన్రు. ఏదన్న అనుమానం మెసేజ్ వస్తే అందులో పెట్టండి, మేము చూసి చెప్తం అన్నరు. ఫోన్ల మీద వచ్చిన పుకారుకు మందు మళ్లా ఫోన్ ఒక్కటే కాదు గద, అందుకని డప్పు చాటింపు వేయించిన్రు. పోలీసు కళాబృందాలు ఊరు మధ్యలో నిలబడి పాటలు పాడి చెప్పినయి. మా ఊళ్లో ముసలోళ్లు ఎస్పీ ఆఫీసు ప్రకటన చదవరు. డప్పు మోగితే మాత్రం బయటికొస్తరు.

ఫలితం ఏందంటే, ఆ పుకారు వల్ల ఆ రెండు జిల్లాల్లో ఒక్క ప్రాణం కూడా పోలే.

మిగతా చోట్ల ఏమైందో చూడండి. అదే మే నెలలో బీబీనగర్ దగ్గర ఒక ఊళ్లో చుట్టాలింటికి పోయిన మనిషిని కొట్టి చంపేసిన్రు. మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను చంపేసిన్రు. ఆమె మన పాలమూరు దిక్కు నుంచే, తన తోటోళ్లతో కలిసి రంజాన్ నెలలో భిక్ష అడుక్కోవడానికి పోయింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో అయిదుగురు సంచార జాతి మనుషులను చంపేసిన్రు. జులై 13న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఒకాయన దోస్తులతోని బీదర్ దిక్కు పోయిండు. బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన్రు. ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టిన్రు. కారులో తప్పించుకొని పోతుంటే, ముర్కి అనే ఊళ్లో జనం ముందే దారికి అడ్డం నిలబడ్డరు. కారు కంటే మెసేజ్ ముందు పోయింది. ఆయన ఇంటికి రాలే.

ఈ చనిపోయినోళ్ల లిస్టు చూస్తే మీకేమన్న అర్థమైతుందా? అడుక్కునేటోళ్లు, సంచార జాతులోళ్లు, ట్రాన్స్‌జెండర్లు, భాష రానోళ్లు, కొత్తగ ఊరికొచ్చినోళ్లు. పుకారుకు మనిషి దొరకాలె గద. ఊళ్లో అడిగే దిక్కు లేనోడే దొరుకుతడు. ఆ "పార్ధీ గ్యాంగ్" అనే మాటే చూడండి. పార్ధీలు ఒక తెగ. 1871లో ఇంగ్లీషోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, అట్లాంటి తెగలను పుట్టుకతోనే దొంగలని రాసి పెట్టిన్రు. 1952లో ఆ చట్టం పోయింది. మన ఫోన్లలో మాత్రం పోలే.

అప్పుడు బాగా తిరిగిన ఇంకొక వీడియో గురించి చెప్పాలె. బైక్ మీద ఇద్దరు వచ్చి ఆడుకుంటున్న పిల్లగాన్ని ఎత్తుకపోతరు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల రక్షణ కోసం పనిచేసే ఒక సంస్థ తీయించిన అవగాహన వీడియో. చివర్లో వాళ్లే పిల్లగాన్ని తెచ్చి వదిలేసి, మీ పిల్లలను ఎత్తుకపోవుడు ఎంత సులువో చూడండని బోర్డు చూపిస్తరు. ఆ చివరి ముక్క కోసేసి మన దగ్గర తిప్పిన్రు. పిల్లలను కాపాడాలని తీసిన వీడియోతోనే మనుషులను చంపిన్రు.

ఇంతవరకు విన్నంక మీకు ఒక డౌట్ రావచ్చు. ఇదంతా పల్లెటూరోళ్లు, చదువులేనోళ్లు చేసే పని, ట్రైనింగ్ అయిన ఆఫీసర్లు అయితే ఇట్ల చెయ్యరు గద అని. నేను కూడా అట్లనే అనుకున్న. అప్పుడు స్కాట్‌లాండ్‌లో జరిగిన ఒక కథ చదివిన.

స్కాట్‌లాండ్ పైన ఓర్క్నీ అని దీవులున్నయి. అందులో సౌత్ రోనాల్డ్‌సే అనే చిన్న దీవి. అక్కడ ఒక కుటుంబంలో నిజంగనే దారుణం జరిగింది, పిల్లలను హింసించినందుకు తండ్రి జైలుకు పోయిండు. తర్వాత ఆ ఇంటి పిల్లలను సోషల్ వర్కర్లు తీసుకపోయి మళ్లా మళ్లా ప్రశ్నలడిగిన్రు. ఆ కాలంలో అమెరికాలో, బ్రిటన్‌లో ఒక పెద్ద భయం నడుస్తుండె. సైతాను పూజలు చేసే ముఠాలు రహస్యంగ పిల్లలను పాడుచేస్తున్నయని. శిక్షణ క్లాసుల్లో, సదస్సుల్లో కూడా అదే మాట. ఆ భయం మనసులో ఉన్నోళ్లు అడిగితే ప్రశ్నలెట్లుంటయి? జవాబు ముందే పెట్టుకొని అడుగుతరు. పిల్లలు లేదంటే, భయపడి దాస్తున్నరు అనుకుంటరు. ఇంకోసారి అడుగుతరు. అలసిపోయిన పిల్ల ఎప్పుడో ఒకప్పుడు అవునంటది.

1991 ఫిబ్రవరి 27 తెల్లవారుజామున సోషల్ వర్కర్లు, పోలీసులు నాలుగు ఇండ్ల మీదకు పోయి తొమ్మిది మంది పిల్లలను నిద్రలో నుంచి లేపి తీసుకపోయిన్రు. విమానంలో దూరం పంపిన్రు. అమ్మానాన్నలను కలవనియ్యలే. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు, కానుకలు కూడా ఇయ్యలే. అయిదు వారాలు. ఏప్రిల్ 4న జడ్జి ఆ కేసు నడిపిన తీరే తప్పని కొట్టేసి పిల్లలను ఇంటికి పంపిండు. ఎవరి మీదా నేరం నిలబడలే. 1992లో లార్డ్ క్లైడ్ విచారణ నివేదిక వచ్చింది, అందులో 194 సిఫారసులు. పిల్లలు చెప్పిన మాటను సరి చూడకుండ, వేరే ఆధారం వెతకకుండ, దాన్నే నిజమని పట్టుకొని ముందుకు పోయిన్రని తప్పుపట్టిండు. 1994లో జీన్ లా ఫోంటైన్ అనే మానవశాస్త్రవేత్త బ్రిటన్‌లో వచ్చిన ఇట్లాంటి 84 కేసులు తిరగేసి చూసింది. సైతాను పూజలకు ఆధారం ఒక్కదాంట్లో కూడా దొరకలే.

ఓర్క్నీ కంటే నాలుగేండ్ల ముందు, 1987లో ఇంగ్లాండ్‌లోని క్లీవ్‌లాండ్‌లో ఇంకొక గొడవ. కొన్ని నెలల్లోనే 121 మంది పిల్లల మీద లైంగిక హింస జరిగిందని ఇద్దరు డాక్టర్లు తేల్చిన్రు. ఒక శారీరక గుర్తు మీద అతిగా ఆధారపడ్డరు. పిల్లలను పెట్టడానికి ఆసుపత్రి వార్డులు చాలలే. తర్వాత చాలామంది పిల్లలను కోర్టులు ఇండ్లకు పంపినయి. 1988లో వచ్చిన విచారణ నివేదిక ఏం చెప్పిందంటే, పిల్లల మీద హింస నిజం, దాన్ని పట్టించుకోవాల్సిందే. కానీ పిల్లను వస్తువు లెక్క చూడొద్దు, మనిషి లెక్క చూడాలె.

ఇప్పుడు మా ఊరి వేపచెట్టును, ఓర్క్నీ విమానాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒక దిక్కు నా లాంటి పిల్లగాడు, మా అత్త, ఊరోళ్లు. ఇంకొక దిక్కు డిగ్రీలు, ఉద్యోగాలు ఉన్న ఆఫీసర్లు. చేసిన తప్పు ఒకటే. పిల్లల కోసమే గద, అడుగుడెందుకు, ఆలస్యమైతే ఎట్ల అని. అడిగేటోడు ఉంటే, నీకు పిల్లల మీద ప్రేమ లేదా, నువ్వు వాళ్ల దిక్కా అంటరు. అందుకే ఎవ్వడూ అడగడు.

గద్వాలలో చేసిందేమో దీనికి ఉల్టా. వాళ్లు ముందు అడిగిన్రు. ఏ ఊరు, ఎవరి పిల్ల, ఎప్పుడు. ఈ మూడు ప్రశ్నలు పిల్లల మీద ప్రేమ లేక అడిగినయి కావు. ప్రేమ ఉన్నందుకే అడిగినయి.

ఎందుకంటే ఇంకొక నష్టం కూడా ఉంటది. మనం ఊరి బయట గ్యాంగ్ కోసం కాపలా కాస్తున్నప్పుడు ఊరి లోపల ఏం జరుగుతుందో చూడం. 2018లో మేమందరం రాత్రిళ్లు కట్టెలు పట్టుకొని తిరిగినం. మన నడిగడ్డలో సీడ్ పత్తి చేలల్లో ఏండ్ల నుంచి పిల్లలతోని క్రాసింగ్ పనులు చేయించిన్రు. బడి మాన్పించి, మందు కొట్టిన చేలల్లో, వంగి వంగి పూలు చిదమాలె. ఆ పిల్లల కోసం మేము ఏ రాత్రీ కట్టె పట్టలే. పదో తరగతి కాకముందే పెండ్లి చేసిన ఆడపిల్ల కోసం కూడా పట్టలే. ఎందుకంటే అది చేసింది గ్యాంగ్ కాదు, మనమే.

లైంగిక హింస సంగతి కూడా అంతే. ఏటా వచ్చే ఎన్‌సీఆర్‌బీ లెక్కలు చూడండి. పోక్సో కింద నమోదైన అత్యాచారం కేసుల్లో నిందితుడు పిల్లకు తెలిసినోడే అని తేలేది నూటికి తొంభైకి పైగా. చుట్టం, పక్కింటోడు, ఇంటికొచ్చి పోయేటోడు. అట్లాంటి ఇంట్లో ఉన్న పిల్లకు మనం ఏం నేర్పిస్తున్నం? కొత్తోళ్లను చూస్తే పరుగెత్తమని. ఇంట్లో ఉన్నోడి నుంచి ఎటు పరుగెత్తాలె?

కాబట్టి ఈ ఎపిసోడ్ విని, అయితే పిల్లలు చెప్పేదంతా అబద్ధమేనట అని ఎవరన్న అనుకుంటే, నేను చెప్పింది మీకు అస్సలు అర్థం కాలేదన్నట్టు. పిల్ల నోరు తెరిచి చెప్తే వినాలె. పూర్తిగ వినాలె. మధ్యలో ఎవడు, ఫలానోడేనా అని మన నోటితోని పేరు అందియ్యొద్దు. నలుగురిని పిలిచి నలుగురి ముందు మళ్లా చెప్పించొద్దు. నువ్వు చెప్పినవు, మంచి పని చేసినవు అని చెప్పి, 1098కి ఫోన్ చెయ్యాలె. అది పిల్లల హెల్ప్‌లైన్. లేదంటే పోలీస్ స్టేషన్‌కు పోవాలె.

చట్టం కూడా ఇదే చెప్తది. 2012 పోక్సో చట్టం ప్రకారం అనుమానం ఉన్న మనిషి పోలీసులకు చెప్పాల్సిందే. మంచి ఉద్దేశంతోని చెప్తే, తర్వాత అది నిజం కాదని తేలినా మీ మీద కేసు ఉండదు. పిల్లను స్టేషన్‌కు గుంజుకపోవద్దు, ఇంటి దగ్గరో, పిల్లకు నచ్చిన చోటో మాట్లాడాలె. పోలీసు యూనిఫామ్‌లో ఉండొద్దు, వీలైనంత వరకు మహిళా ఎస్‌ఐ ఉండాలె. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచొద్దు. పిల్ల పేరు, ఫోటో, బడి పేరు బయటపెట్టుడు నేరం. పిల్లను సంరక్షణ కోసం తీసుకుంటే 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలె. జువెనైల్ జస్టిస్ చట్టం ఇంకొకటి కూడా చెప్తది: పిల్లను ఇంటి నుంచి తీసి హోంలో పెట్టుడు ఆఖరి దారి కావాలె, మొదటి దారి కాదు. ఈ రూల్స్ ఎవరో ఆఫీసులో కూసోని ఊరికే రాసినయి కావు. వీటిలో ఒక్కోటి తప్పితే ఏమైతదో ఓర్క్నీ లాంటి కథల్లో కనిపిస్తది.

తేడా చూడండి. పోలీసులకు చెప్తే అడిగేటోడు ఉంటడు, రాసుకునేటోడు ఉంటడు, తప్పైతే దిద్దే కోర్టు ఉంటది. గ్రూపులో పెడితే ఏముంటది? వేపచెట్టు ఉంటది.

2018 జులైలో వాట్సాప్ వాళ్లు ఫార్వర్డ్ మెసేజ్‌కు గుర్తు పెట్టిన్రు, మన దేశంలో ఒకసారి అయిదు చాట్లకే పంపాలని రూల్ పెట్టిన్రు. మంచిదే. కానీ నేను పంపింది అయిదుగురికి కాదు, ఒక్కరికే. మా అత్తకు. ఆ ఒక్కరు సరిపోయిన్రు.

అందుకే నేను ఇప్పుడు ఒక అలవాటు చేసుకున్న. పిల్లల పేరు మీద ఏ మెసేజ్ వచ్చినా ముందు టైపు చేసేది ఆ మూడు ముక్కలే. ఏ ఊరు? ఎవరి పిల్ల? ఎప్పుడు? జవాబు వస్తే 1098కి చెప్త. రాకపోతే నా దగ్గరనే ఆగుతది. మా ఫ్యామిలీ గ్రూపులో మొదట్లో అందరికీ కోపమొచ్చింది, పెద్ద పోలీసోడివి అయినవా అన్నరు. ఇప్పుడు మా అత్తనే అడుగుతది. మొన్న ఎవరో వీడియో పెడితే నాకంటే ముందు ఆమెనే వాయిస్ పెట్టింది: "ఏ ఊరుది ఇది? చెప్పకుంటె తీసెయ్."

ఆ చెట్టుకు కట్టేసిన మనిషి ఏమైండో కనుక్కుందామని తర్వాత ఊరికి పోయినప్పుడు అడిగిన. కానిస్టేబుల్ అన్నం పెట్టించి తీసుకపోయిండని చెప్పిన్రు. అంతకుమించి ఎవరికీ తెల్వదు. పేరు కూడా ఎవరూ అడగలే. గ్యాంగ్ అన్నరు, దొంగ అన్నరు, అంతమందిలో ఒక్కరు కూడా నీ పేరేందని అడగలే. ఆ ఫోటో ఇంకా నా ఫోన్లో ఉన్నది. ఎవరికీ పంపలే, పంపను. తీసెయ్యను కూడా. ఏదన్న ఫార్వర్డ్ చెయ్యబుద్ధి అయినప్పుడు ఒకసారి తెరిచి చూసుకుంట.

ఈ ఎపిసోడ్‌ను మీరు కూడా ఒక్కరికి వినిపించండి. మీ మాట నమ్మే మనిషికి. మీ అత్తకో, అమ్మమ్మకో, తమ్మునికో.

ఉంట మరి. మళ్ల కలుద్దం.